పై షడ్జం దగ్గర

పటమట,
16 నవంబర్ 2025

ఛాయత్తయ్యకు నమస్కారం.

నేను వినీలని, మీ తమ్ముడి కూతుర్ని. ఇలా విడమరిచి చెప్పుకోవాల్సి వస్తోందంటే మనం మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో చూడండి. పటమట నుంచి కంకిపాడుకి బస్సులో నలభై నిమిషాలు. ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. వస్తానంటే వద్దంటారు. "మీ అత్తయ్యకి ఏదైనా చెప్పాలంటే ఉత్తరం రాయాల్సిందే" అన్నారు నాన్న. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

విషయానికి వస్తాను. నేను ఆల్బమ్ చేస్తున్నాను. తొమ్మిది పాటలు. రాసింది, బాణీ కట్టింది, పాడింది నేనే. రాక్ పాటలు. ఆ పేరే మీకు గిట్టదని తెలుసు. గుణదలలో ఫిన్నీ అని ఒకతను మేడ మీది గదికి గోడల నిండా పరుపులు కొట్టి స్టూడియో చేశాడు. రికార్డింగ్ అక్కడే. మార్చి ఒకటిన విడుదల చేయాలని.

చిక్కంతా నా గొంతుతోనే. కంప్యూటర్లో పిచ్ కరెక్షన్ అని ఒకటుంది. గొంతు తప్పిన చోటల్లా లాగి స్వరం మీద కూర్చోబెడుతుంది. తొమ్మిది పాటలకూ అది వాడమని నేనంటున్నాను. ఫిన్నీ ఒప్పుకోవడం లేదు. "ఎక్కడా తప్పలేదు, ముట్టుకుంటే పాట చచ్చిపోద్ది" అంటాడు. పని తగ్గించుకోవడానికి అంటున్నాడో, మొహమాటానికి అంటున్నాడో. నన్ను మెచ్చుకున్న వాళ్లెవరినీ నేను నమ్మలేదు అత్తయ్యా, పదిహేడేళ్లుగా.

2008 దసరా మీకు గుర్తుందో లేదో. నాకు పదకొండేళ్లు. ఆదివారం ఆదివారం నాన్న నన్ను మీ దగ్గరికి సంగీతానికి తీసుకొచ్చేవారు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు పూర్తయిన పిల్లలకి విజయదశమి నాడు మీరు మొదటి గీతం ఇచ్చేవారు. నోటు పుస్తకంలో కొత్త పేజీకి నాలుగు మూలలా పసుపు రాసి, ఎర్ర సిరాతో మీ చేత్తోనే రాసేవారు. నా పుస్తకానికి పసుపు రాశారు. సరిగమపదని దాటి పైన వచ్చే షడ్జాన్ని పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. మళ్లీ అన్నారు. మూడోసారి తర్వాత పుస్తకం మూసి నాన్న చేతిలో పెట్టి, "దీనికి శ్రుతి నిలవదురా కోటేశ్వరరావూ, చదువుకోనీ" అన్నారు. అక్క మాటంటే నాన్నకి తిరుగులేదు. ఆ పేజీ అలాగే ఖాళీగా ఉండిపోయింది.

పాడాలన్న కోరిక మాత్రం పోలేదు. మరుసటి ఏడు నాన్న పనిచేసే కాలేజీ వార్షికోత్సవంలో ఒక బ్యాండ్ పాడింది. ఆ పాడే మనిషి అరుస్తున్నాడు, జనం ఊగిపోతున్నారు, శ్రుతి ఉందా లేదా అని ఒక్కరూ అడగడం లేదు. ఇదైతే నాకు సరిపోతుందనుకున్నాను. ఇంటికెళ్లి అదే నోటు పుస్తకం తిరగేసి, వెనక అట్ట వైపు నుంచి నా పాటలు రాయడం మొదలుపెట్టాను. ఇప్పటి తొమ్మిదీ అందులోవే.

మూడు పాటలు పంపుతాను. శ్రుతి నిలిచిందో లేదో ఒక్క మాట రాయండి. నిలవలేదంటే గొంతుని కంప్యూటర్‌కి అప్పగిస్తాను. నిలిచిందంటే ఉన్నది ఉన్నట్టు వదులుతాను. నన్ను సంతోషపెట్టడానికి మీరు అబద్ధం చెప్పరు. మీ మీద నాకున్న నమ్మకం అదొక్కటే.

మీ మేనకోడలు
వినీల


కంకిపాడు,
24 నవంబర్ 2025

చి. వినీలకు అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం వేసింది. రెండోసారి అనుమానం వేసింది.

పదిహేడేళ్లు గుర్తురాని అత్తయ్య ఇప్పుడెందుకు గుర్తొచ్చింది? బెజవాడలో అంతమంది సంగీతం తెలిసిన వాళ్లుండగా, రిటైరైన పంతులమ్మ మాట కోసం నీ ఆల్బమ్ ఆగిపోయిందంటే నేను నమ్మాలా? నన్ను పరీక్షించమని ఎవరు పురమాయించారో చెప్పు. మీ నాన్నేనా? శ్రావణంలో వచ్చినప్పుడు వాడు నా వెనక నిలబడి ఏదో అన్నాడట, నేను పలకలేదట. "అక్కయ్యకి పొగరెక్కింది" అని మీ అమ్మతో అన్నాడని నా దాకా వచ్చింది.

ఇక్కడా అంతే. నేను పాఠం చెబుతుంటే ఎదురింటి వెంకటరత్నమ్మ కిటికీలోంచి అదే పనిగా చూస్తుంది. ఇంకా పదకొండు మంది పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. బస్టాండు వైపు కొత్తగా ఒక సంగీతం మాస్టారు దిగాడు. వాళ్ల మీద అతని కన్ను పడిందని నాకు తెలుసు. ఎవరు ఎవరికి ఏం మోస్తున్నారో చెప్పలేం.

ఫిన్నీ ఎవరు? "ఒకతను" అని రాసి ఊరుకున్నావు. ఒకతని మేడ మీదికి నువ్వు రోజూ వెళ్తున్న సంగతి మీ అమ్మకి తెలుసా?

ఇక్కడ కోతలు. వానకి పడిపోయిన వరిని లేపి కట్టలు కట్టుకున్న వాళ్లు కోసుకుంటున్నారు. మిగతావాళ్లు గట్ల మీద కూర్చుని చూస్తున్నారు. రోడ్డంతా ట్రాక్టర్ల దుమ్ము.

పాటలు పంపు. సాహిత్యం విడిగా కాగితం మీద రాసి పంపు, ఈ కాలం పాటల్లో మాటలు తెలియవు. నువ్వు మాత్రం రావద్దు. ఇంటికి సున్నాలు వేయిస్తున్నాను.

ఛాయాదేవి


పటమట,
3 డిసెంబర్ 2025

అత్తయ్యకు నమస్కారం.

పెన్‌డ్రైవ్ ఈ కవర్లోనే పెట్టాను. నాన్న మీకిచ్చిన నల్ల స్పీకరుకి పక్కన సన్న సందు ఉంటుంది, అందులో దూర్చి పెద్ద మీట నొక్కండి. సాహిత్యం మూడు కాగితాల మీద రాశాను.

నన్నెవరూ పురమాయించలేదు. నాన్నకి ఆల్బమ్ సంగతే సగం తెలుసు. మీరు పలకలేదని ఆయన బాధపడ్డ మాట నిజం. పొగరు అనలేదు. అది మోసిన వాళ్లు కలిపిన మాట.

మీరు నన్ను అనుమానించారు కాబట్టి నా అనుమానమూ రాస్తాను. మూడేళ్ల క్రితం గుడివాడలో జయంత్ బావ పెళ్లిలో నేను గిటారు పట్టుకుని పాడాను. మీరు ముందు వరసలో కూర్చున్నారు. మిమ్మల్ని చూస్తూనే పాడాను. రెండో చరణంలో గొంతు పైకి ఎత్తానో లేదో మీరు లేచి, నా ఎదురుగానే నడుచుకుంటూ వెళ్లిపోయారు. భోజనాల దగ్గర కూడా పలకరించలేదు. తర్వాత వస్తానని కబురు పెడితే అప్పుడూ ఇంటికి సున్నాలే. ఏ ఇంటికైనా అన్నిసార్లు సున్నం వేస్తారా?

ఫిన్నీ గురించి అమ్మకి తెలుసు. అతని తల్లి పక్క గదిలోనే కుట్టుమిషను తొక్కుతూ ఉంటుంది, ఆ చప్పుడు ఆగాక మేం రికార్డు చేసుకుంటాం. అతని మనసులో ఏముందో నాకు తెలియదు. నాకు అతని మీద ఉన్నది అనుమానమే.

తొందరగా రాయండి. ఫిబ్రవరి తొమ్మిది నుంచి మేరీమాత తిరునాళ్లు. మైకులు మొదలైతే గుణదలలో ఒక్క ముక్క కూడా రికార్డు చేయలేం. ఆలోపు గొంతు సంగతి తేలాలి.

వినీల


కంకిపాడు,
15 డిసెంబర్ 2025

వినీలకు,

విన్నాను. మొహమాటం లేకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. మూడు పాటల్లోనూ పై షడ్జం దగ్గర జారుతున్నావు. అప్పుడు ఏం చెప్పానో ఇప్పుడూ అదే. కంప్యూటర్‌తో సరిచేయించుకో, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

రెండో పాట సాహిత్యం చదివాను. "పుస్తకం మూసిన చేతికి గాజులున్నాయి, ఆ చప్పుడుకే తాళం నేర్చుకున్నాను" అని రాశావు. పుస్తకం మూసింది నేను. గాజులూ నావే. దీన్ని నలుగురూ వింటారు. మన వాళ్లకి ఆ చెయ్యి ఎవరిదో చెప్పక్కర్లేదు. అత్తయ్యని అభిప్రాయం అడగడం, అత్తయ్య మీదే పాట కట్టడం. మంచి ఎత్తే వేశావు. ముందే చెబితే వద్దంటానేమోనని పాట చేశాక పంపావు. మీ నాన్నకి ఇన్ని తెలివితేటలు లేవు, నీకు ఎక్కడివో.

గుడివాడ పెళ్లిలో నాకు కళ్లు తిరిగాయి. అందుకే లేచాను.

పెన్‌డ్రైవ్ తిరిగి పంపుతున్నాను. రావద్దు. జలుబు చేసింది, మాట్లాడలేను.

ఛాయాదేవి


గుణదల,
27 డిసెంబర్ 2025

అత్తయ్యకు,

ఈ ఉత్తరం ఫిన్నీ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

మీ తీర్పు అందిన రోజే అతనితో చెప్పాను, తొమ్మిది పాటలకూ పిచ్ కరెక్షన్ పెట్టెయ్యమని. అతను వాదించలేదు. మొహం పక్కకి తిప్పుకుని సరే అన్నాడు. క్రిస్మస్ అయ్యాక మొదలుపెడదామన్నాడు. ఇవాళ మీరు తిప్పి పంపిన పెన్‌డ్రైవ్ అతని చేతిలో పెడితే, "ఇదెందుకు పంపావు ఆవిడకి? మీ అత్తయ్యకి పంపమన్న ఎర్రది ఇక్కడే ఉందిగా" అని సొరుగులోంచి తీసి చూపించాడు.

మీకు పంపింది నేను ఇంట్లో ప్రాక్టీసు చేసుకునేది. అందులో డ్రమ్స్ ఉన్నాయి, బేస్ ఉంది, గిటారు ఉంది. నా గొంతు లేదు. మూడు పాటల్లో ఒక్క అక్షరం కూడా లేదు. పెన్‌డ్రైవ్‌లు మార్చేసిన తప్పు నాదే.

కానీ లేని గొంతు ఎక్కడ జారింది అత్తయ్యా?

మీరు వినలేదు. వినకుండా తీర్పు రాశారు. మీరు అబద్ధం చెప్పరన్న ఒక్క నమ్మకం మీద నేను ఇంతదూరం వచ్చాను. 2008లో కూడా వినకుండానే పుస్తకం మూశారా? నా మీద అంత కోపం ఎందుకో, పదకొండేళ్ల పిల్ల మిమ్మల్ని ఏం చేసిందో చెప్పండి. నాన్నతో మీకేదైనా ఉంటే అది ఆయనతో తేల్చుకోవాల్సింది.

జవాబు రాయకపోతే నేనే బస్సెక్కి వస్తాను. ఈసారి సున్నాలున్నా వస్తాను.

వినీల


కంకిపాడు,
5 జనవరి 2026

అమ్మా వినీలా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది పోస్టు చేశాక నా దగ్గర దాచుకోవడానికి ఇంకేమీ ఉండదు.

నాకు వినబడదు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి ఉరుము, ట్రాక్టరు తెలుస్తాయి. పాట తెలియదు. ఎదురుగా ఉన్న మనిషి పెదవులు చూసి నెట్టుకొస్తున్నాను. అందుకే ఫోను ఎత్తను. అందుకే నిన్ను రానివ్వను. మీ నాన్న నా వెనక నిలబడి పిలిచింది నిజమే అయ్యుంటుంది.

నువ్వు పంపినదాన్ని స్పీకరులో పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి, నీ సాహిత్యం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. చేతికి దడ తెలిసింది. దడ పెరిగిన చోట నువ్వు గొంతు ఎత్తావనుకున్నాను. అదంతా అయ్యాక ఏం రాయాలో తెలియలేదు. నిలిచింది అని రాస్తే నువ్వు వెంటనే అడుగుతావు, మరి అప్పుడెందుకు నిలవలేదు అని. ఆ ప్రశ్నకి భయపడి పాత మాటే రాశాను.

ఇప్పుడు 2008 సంగతి. ఆ దసరా వరసలో ముగ్గురు పిల్లలు పై షడ్జం దగ్గర తప్పినట్టు నాకు వినిపించింది. నువ్వు, ఇంకో ఇద్దరు. ముగ్గురినీ పంపేశాను. కార్తీకంలో హార్మోనియం బాగుచేసే జక్కయ్య వచ్చాడు. పై షడ్జం రీడు తేడాగా ఉందని గీకించాను. మళ్లీ తేడాయే. మూడోసారి గీకాక అతను చేతిలోని ఆకురాయిని కింద పెట్టి, "అమ్మగారూ, రీడు మొదట్నుంచీ సరిగ్గానే ఉందండి. ఓ చెవి మూసుకుని ఇనండి, తర్వాత రెండోది మూసుకుని ఇనండి" అన్నాడు. మూసుకుని విన్నాను. ఒకే మెట్టు, ఒక చెవికి ఒక స్వరం, రెండో చెవికి ఇంకో స్వరం. పాఠానికి శ్రుతిపెట్టె కింద స్థాయిలోనే మోగేది కాబట్టి అంతవరకూ నాకు తెలియలేదు. నీ గొంతు నాకు ఎంత తేడాగా వినిపించిందో, సరైన ఆ రీడూ అంతే తేడాగా వినిపించింది. అర్థమైందా? ఆ రోజు నువ్వు మూడుసార్లూ సరిగ్గానే పట్టుకున్నావు.

బెజవాడలో డాక్టరు నరం చచ్చుబడుతోందని, తిరిగి రాదని చెప్పాడు. వచ్చే ఆదివారం పటమట వెళ్లి మీ నాన్నతో చెప్పాలనుకున్నాను. ఆ ఆదివారం వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. సంగీతం టీచరుకి చెవులు పోయాయంటే ఊళ్లో నాకు ఇంకే పేరుంటుంది? అదొక్కటే నా బతుకు. తర్వాత నువ్వు గిటారు పట్టావని విన్నాను. దాని దారి అది చూసుకుందిలే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అనుకూలంగా ఉంది.

గుడివాడలో కళ్లు తిరగలేదు. నువ్వు గొంతు ఎత్తావు, నీ మెడ నరాలు కనిపించాయి, పక్కనున్న వాళ్ల మొహాలన్నీ మారిపోయాయి. అంత మందిలో ఆ పాట తెలియనిది నాకొక్కదానికే. వంటల షెడ్డు వెనక్కి వెళ్లి ఏడ్చాను.

కంప్యూటర్ని ముట్టుకోనివ్వకు. ఆ ఫిన్నీ మాట విను.

అత్తయ్య


పటమట,
24 జనవరి 2026

అత్తయ్యకు,

మీ ఉత్తరం చదివి నేను మొదట ఏమనుకున్నానో తెలుసా? ఇదీ అబద్ధమే అనుకున్నాను. వినకుండా తీర్పు రాసి దొరికిపోయారు కాబట్టి, నన్ను ఓదార్చడానికి చెవుల కథ అల్లారనుకున్నాను. నన్ను మెచ్చుకునే వాళ్ల మీద నాకున్న అనుమానం ఇప్పుడు మీ మీదికి కూడా వచ్చింది. ఆ అనుమానం నాలో నాటింది మీరే కాబట్టి దాన్ని మీరూ భరించాలి.

అందుకని జక్కయ్య గారిని వెతుక్కుంటూ వెళ్లాను. గవర్నరుపేటలో ఒక సందులో కొడుకు సైకిలు షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. మీ పేరు చెప్పగానే నన్ను అనుమానంగా చూశారు. "ఆ సంగతి నేను మా ఇంట్లో కూడా చెప్పలేదమ్మా. నీకెవరు చెప్పారు?" అన్నారు. మీరే రాశారని ఉత్తరం చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, లోపలికెళ్లి ఒక డబ్బా తెచ్చి వెతికారు. ఇత్తడి రీడు, నా చిటికెన వేలి గోరంత వెడల్పు. మూడుసార్లు గీకడంతో పనికిరాకుండా పోయిందట, హార్మోనియంలో కొత్తది వేసి దీన్ని ఉంచుకున్నారట. "మంచి రీడమ్మా. దాని తప్పేం లేదు" అని నా చేతిలో పెట్టారు.

బెంజి సర్కిల్ దగ్గర బస్సు దిగాక రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. అత్తయ్యా, నేను ప్రతి పాటనీ అరిచి పాడాను, శ్రుతి ఎవరికీ దొరక్కూడదని. స్టేజీ దిగాక బాగుందన్న వాళ్లతో మాట కలపకుండా వెళ్లిపోయేదాన్ని. మీరు ఒక్క ఆదివారం బస్సెక్కి ఉంటే సరిపోయేది. మీకు చెవులు పోయినందుకు నాకు జాలిగా ఉంది. చెప్పనందుకు కోపంగా ఉంది. రెండూ ఉన్నాయి, ఏదీ తగ్గడం లేదు. క్షమించానని రాయలేను.

తొమ్మిది పాటలూ గొంతు ఉన్నది ఉన్నట్టే వెళ్తున్నాయి. రెండో పాట మళ్లీ పాడాను, ఈసారి అరవకుండా. అయ్యాక ఫిన్నీ బాగుందన్నాడు. నమ్మాను. అలవాటు లేక కాసేపు ఎటు చూడాలో తెలియలేదు.

ఆ మిగతా ఇద్దరు పిల్లలెవరు? వాళ్లకి చెప్పారా?

వినీల


కంకిపాడు,
4 మార్చి 2026

అమ్మా వినీలా,

నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు చేతిలో పెట్టుకునే రాయాలని ఇన్నాళ్లు ఆగాను.

ఆ ఇద్దరికీ ఉత్తరాలు రాశాను. ఒకటి అడ్రసు దొరకలేదని తిరిగొచ్చింది. రెండోది ఉయ్యూరులో అందింది. ఆ అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. "అయ్యో, అదంతా ఎప్పుడో మర్చిపోయానండీ" అని రాసింది. నాలుగు పేజీలు రాసింది. మర్చిపోయిన వాళ్లు నాలుగు పేజీలు రాయరు.

మాఘ పౌర్ణమి నాడు పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి ఉన్న సంగతి చెప్పాను. వెంకటరత్నమ్మ లేచి, "మాకు రెండేళ్లుగా తెలుసు పిన్నిగారూ, మీరు పడిపోతారేమో, పొయ్యి మీద పాలు పొంగితే తెలుస్తదో లేదో అని కిటికీలోంచి కనిపెట్టుకుని ఉంటన్నాం" అంది. ఆవిడ పెదవులు చూసి ఆ మాట తెలుసుకోవడానికి నాకు కాసేపు పట్టింది. రెండేళ్లు ఆవిడని నేను ఏమేం అనుకున్నానో నీకు రాశానుగా. పదకొండు మందిలో ఏడుగురు ఆ కొత్త మాస్టారి దగ్గరికి వెళ్లారు. వెళ్లమని నేనే చెప్పాను. నలుగురు తాళం వరకు నేర్చుకుంటామని వస్తున్నారు.

మీ నాన్న ఆదివారం వచ్చాడు. నీ ఆల్బమ్ స్పీకరులో పెట్టాడు. నేను చెయ్యి ఆనించాను. దడ తెలిసింది, అంతే. అబద్ధం రాయను. వాడు మాత్రం రెండో పాట దగ్గర కుర్చీలోంచి లేచి వసారాలోకి వెళ్లిపోయాడు. నేను గుడివాడలో లేచినట్టే. వెనకాలే వెళ్లి చూశాను, తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. వాడి మొహం చూసి నాకు పాట ఎలా ఉందో తెలిసింది.

గాజుల మాట నువ్వు మార్చలేదని వాడే చెప్పాడు, సంతోషం. అది ఉండాల్సిందే.

నన్ను క్షమించమని అడగను. ఒకటి మాత్రం అడుగుతాను. ఆదివారం రా. ఇంటికి సున్నాలు వేయించి ఆరేళ్లయింది, గోడలు అలాగే ఉన్నాయి, చూద్దువుగాని. వచ్చేటప్పుడు ఆ నోటు పుస్తకం తీసుకురా. పసుపు పేజీ కోసం కాదు. ఆ గీతం నీకు ఇప్పుడు అక్కర్లేదు, ఇచ్చే అర్హత నాకూ లేదు. నువ్వు వెనక అట్ట వైపు నుంచి రాసుకున్నావే, అక్కడి నుంచి మొదలుపెట్టి మొత్తం చదువుతాను. నీ పాట వినడానికి నాకు మిగిలిన దారి అదొక్కటే. చదువుతున్నంతసేపూ నువ్వు ఎదురుగా కూర్చుని పాడు, నేను నీ మొహం చూస్తాను.

తొమ్మిదింటి బస్సుకి అంత జనం ఉండరు. తలుపు కొట్టకు, నాకు తెలియకపోవచ్చు. తీసే ఉంచుతాను.

మీ అత్తయ్య
ఛాయాదేవి